ఒక స్వరం, ఒక అంకె: ఆడాసిటీతోనూ 555 ఐసీతోనూ శ్రుతి తయారుచేసుకునే పద్ధతి

కార్తీక మాసం వచ్చిందంటే పర్లాకిమిడిలో మా వీధి భజన మందిరానికి రెండు హార్మోనియంలు చేరతాయి. ఒకటి మందిరానిదే. రెండోది గుణుపురం నుంచి వచ్చే ఒడియా గాయకుడు తన వెంట తెచ్చుకునేది. పాట మొదలుపెట్టే ముందు శ్రుతి అడిగితే మా పెద్దాయన "ఒకటిన్నర" అంటారు. గుణుపురం ఆయన "సి షార్ప్" అంటారు. జయపురం నుంచి వచ్చే తబలా కళాకారుడు హిందుస్తానీ పద్ధతిలో నేర్చుకున్నవాడు, ఆయన "కాలీ ఏక్" అంటాడు. ముగ్గురూ చెప్పేది ఒకే నల్ల మెట్టు. అయినా రెండు పెట్టెల మీద ఆ మెట్టు ఒకేసారి నొక్కితే చెవిలో నలుసు పడ్డట్టు ఉండేది. తేడా పేర్లలో లేదు, రీడ్లలో, అంటే పెట్టె లోపల కంపించే ఇత్తడి నాలుకల్లో ఉంది.

ఏ పెట్టెది సరైన శ్రుతి? ఈ ప్రశ్నకు పెద్దరికం జవాబు చెప్పలేదు, పాతదనం కూడా చెప్పలేదు. చెప్పగలిగింది అంకె ఒక్కటే. ఆ మెట్టు సెకనుకు 277.18 సార్లు కంపించాలి. అలా కంపించే ధ్వనిని మనమే తయారుచేసుకుని పక్కన పెట్టుకుంటే వాదన అక్కడితో ఆగుతుంది. అందుకు రెండు దారులున్నాయి. కంప్యూటర్ ఉంటే ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. కంప్యూటర్ లేకపోయినా, కరెంటు పోయినా పనిచేసేది కావాలంటే 555 ఐసీ అనే చిన్న ఎలక్ట్రానిక్ చిప్పుతో సర్క్యూట్ కట్టుకోవచ్చు. నేను రెండూ వాడతాను. ఒకదానితో రెండోదాన్ని సరిచూసుకుంటాను కూడా. అలా సరిచూసుకోవడమే ఈ పనికి ప్రాణం.

ముందు అంకెల సంగతి

ధ్వని అంటే గాలిలో కంపనం. సెకనుకు ఎన్ని కంపనాలో చెప్పే కొలతే హెర్ట్జ్. మనిషి చెవికి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు వినిపిస్తుంది, వయసు పెరిగేకొద్దీ పై అంచు తగ్గుతూ వస్తుంది. ప్రపంచమంతటా వాద్యాలకు ప్రమాణంగా పెట్టుకున్నది 440 హెర్ట్జ్, అంటే హార్మోనియం మీద 'ఎ' మెట్టు, మన లెక్కలో ఆరు శ్రుతి. అక్కడి నుంచి ఒక్కో మెట్టు పైకి వెళ్లాలంటే 1.05946తో గుణించాలి, కిందికి దిగాలంటే భాగించాలి. పన్నెండు మెట్లు ఎక్కేసరికి అంకె సరిగ్గా రెట్టింపు అవుతుంది.

ఆ లెక్క ప్రకారం మధ్య స్థాయి అంకెలివి. ఒకటి శ్రుతి 261.63, ఒకటిన్నర 277.18, రెండు 293.66, రెండున్నర 311.13, మూడు 329.63, నాలుగు 349.23, నాలుగున్నర 369.99, అయిదు 392.00, అయిదున్నర 415.30, ఆరు 440, ఆరున్నర 466.16, ఏడు 493.88. వీటిని ఒక అట్టముక్క మీద రాసి హార్మోనియం మూత లోపల అంటించుకోండి.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది, నేను అందులో పడ్డాను. మా రెండు పెట్టెల తగవు తీరుద్దామని ఒక కుర్రవాడు తాను చదివే బడి ప్రయోగశాల నుంచి శ్రుతిదండం (ట్యూనింగ్ ఫోర్క్) తెచ్చాడు. దాని మీద 'సి' అనే అక్షరం స్పష్టంగా చెక్కి ఉంది. దాన్ని మోకాలికి తట్టి పెట్టె చెక్కకు ఆనిస్తే, రెండు హార్మోనియంలూ దానికన్నా పైనే ఉన్నాయి. రెండూ తప్పేనని నమ్మి, ఒక పెట్టెలో ఒకటి శ్రుతి రీడును కిందికి దింపేశాను. తర్వాత శ్రుతిదండాన్ని వెలుతురులోకి తెచ్చి చూస్తే అక్షరం పక్కనే 256 అని ఉంది. భౌతికశాస్త్ర ప్రయోగశాలల్లో లెక్కకు వీలుగా ఉంటుందని 'సి' స్వరాన్ని 256గా తీసుకుంటారు. రెండుతో భాగిస్తూ పోతే 128, 64, 32 అంటూ చివరికి 1 వరకు వస్తుంది. వాద్యాల 'సి' మాత్రం 261.63. పాడైన ఆ రీడును మళ్లీ పైకి తీసుకురావడానికి ఒక పూట పట్టింది. అందుకే అక్షరాన్ని కాదు, అంకెను చూడమంటున్నాను.

ఆడాసిటీతో తయారుచేయడం

ఆడాసిటీ 2000 సంవత్సరం నుంచి ఉచితంగా దొరుకుతున్న సాఫ్ట్‌వేర్. విండోస్, మాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. ఒకసారి దించుకుంటే ఇంటర్నెట్ అవసరం లేదు. కొండల మధ్య సిగ్నల్ వస్తూ పోతూ ఉండే మా వైపు ఊళ్లకు అది చిన్న మేలు కాదు.

తెరిచాక కీబోర్డు మీద హోమ్ మీట నొక్కి కర్సర్‌ను మొదటికి తెచ్చుకోండి. పై వరుసలో జనరేట్ మెనూ ఉంటుంది, అందులో టోన్ ఎంచుకోండి. చిన్న పెట్టె తెరుచుకుని నాలుగు విషయాలు అడుగుతుంది. అలల రూపం, పౌనఃపున్యం, తీవ్రత, నిడివి. పౌనఃపున్యం దగ్గర 261.63, తీవ్రత దగ్గర 0.4, నిడివి దగ్గర 60 సెకన్లు పెట్టి జనరేట్ నొక్కితే తెర మీద నీలి పట్టీ కనిపిస్తుంది. ప్లే నొక్కండి, స్వరం వచ్చేసింది. మొదటిసారి వినేటప్పుడు హెడ్‌ఫోన్ చెవికి పెట్టుకోకుండా చేతిలో పట్టుకుని, ధ్వని బాగా తగ్గించి మొదలుపెట్టండి. ఎందుకో తర్వాత చెబుతాను.

అలల రూపం దగ్గర కాస్త ఆగాలి, రుచి అంతా అక్కడే ఉంది. సైన్ అంటే ఒంటరి స్వరం, దానిలో మరే స్వరమూ కలిసి ఉండదు. వేణువును మెత్తగా ఊదినట్టు నున్నగా వినిపిస్తుంది. స్క్వేర్‌లో అసలు స్వరంతో పాటు దానికి 3, 5, 7 రెట్లు, అలా బేసి రెట్లు మాత్రమే ఉంటాయి. సాటూత్‌లో 2, 3, 4, 5, అలా అన్ని రెట్లూ ఉంటాయి. తంబురా తీగలో పలికేవి కూడా ఇవే రెట్లు. మూడో రెట్టు ఏమిటో గమనించారా? షడ్జానికి మూడు రెట్లు అంటే పై స్థాయి పంచమం. అయిదో రెట్టు అంతకన్నా పైనున్న అంతర గాంధారం. తంబురా మీటి కాసేపు నిశ్శబ్దంగా కూర్చుంటే ఎవరూ మీటని గాంధారం దానంతట అదే వినిపిస్తుందని పెద్దలు అంటారు. సాటూత్ అలలో ఆ గాంధారాన్ని మీరు కంటితో చూడవచ్చు. ఎనలైజ్ మెనూలో ప్లాట్ స్పెక్ట్రమ్ తెరిస్తే 261 దగ్గర ఒక శిఖరం, 523, 785, 1046 దగ్గర మరికొన్ని శిఖరాలు, 1308 దగ్గర ఆ గాంధార శిఖరం వరుసగా నిలబడి ఉంటాయి. చెవితో ఎన్నో ఏళ్లుగా విన్నదాన్ని కంటితో చూసిన రోజు నేను ఆ తెర ముందు నుంచి చాలాసేపు లేవలేదు.

*తంబురా వంటి ఆధార శ్రుతి.* మంద్ర షడ్జం, మంద్ర పంచమం, మధ్య షడ్జం, ఈ మూడింటినీ మూడు వేరు వేరు ట్రాకులుగా తయారుచేయాలి. ఒకటి అయ్యాక ట్రాకుల కింద ఖాళీ చోట క్లిక్ చేసి, మళ్లీ హోమ్ నొక్కి, రెండోది జనరేట్ చేయండి. ట్రాకు ఎంపికలో ఉండగా చేస్తే కొత్త స్వరం పాత ట్రాకులోనే చొరబడుతుంది.

అంకెలు ఇలా పెట్టండి. 130.8, 196.2, 261.6. ఒకటి శ్రుతి 261.63 కదా, 0.03 ఎందుకు తగ్గించానంటే, ఈ మూడింటినీ పదితో గుణిస్తే పూర్ణాంకాలు వస్తాయి. 1308, 1962, 2616. అంటే పది సెకన్లలో మూడు స్వరాలూ తెగిపోని పూర్తి కంపనాలతో ముగుస్తాయి. నిడివి 60 సెకన్లు పెడితే, చివర నుంచి మళ్లీ మొదటికి తిరిగినప్పుడు టక్కుమనే చప్పుడు ఉండదు. గంటసేపు తిరిగినా అతుకు ఎక్కడుందో తెలియదు. ఆ 0.03 తేడా పట్టుకోవాలంటే చెవి అరనిమిషానికి పైగా కాచుకుని వినాలి. పంచమం మాత్రం షడ్జానికి సరిగ్గా ఒకటిన్నర రెట్లు ఉంది, గాయకుడికి కావలసింది అదే.

తీవ్రత ఒక్కోదానికి 0.25 దాటనివ్వకండి. ట్రాకులు కలిసినప్పుడు తీవ్రతలు కూడతాయి. కూడిక 1 దాటితే అలల తలలు తెగి, ధ్వని గరగరలాడుతుంది.

మూడింటినీ సైన్‌లో చేసి ఫోనులో వేసుకున్నవారు "మంద్ర షడ్జం వినిపించడం లేదు" అంటారు. తప్పు ఫైలుది కాదు. ఫోను స్పీకరు చాలా చిన్నది, 300 హెర్ట్జ్ కంటే కింద దానికి బలం లేదు. సైన్‌లో 130.8 తప్ప మరేమీ లేదు కనుక వినడానికి ఏమీ మిగలదు. సాటూత్ అయితే పై రెట్లు వినిపిస్తాయి, వాటిని బట్టి మన చెవి కింది స్వరాన్ని తానే ఊహించుకుని పూరిస్తుంది. అందుకని ఫోను కోసం సాటూత్ వాడండి. కరుకుగా ఉంటే మూడు ట్రాకులూ ఎంచుకుని, ఎఫెక్ట్ మెనూలో లో-పాస్ ఫిల్టర్ తెరిచి 1000 హెర్ట్జ్ పెట్టండి. కరుకు తగ్గి తీగ గుణం నిలుస్తుంది.

ఫైలు మెనూ నుంచి ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు వేవ్ రూపంలోనే దాచుకోండి. ఎంపీ3 రూపంలో మొదట్లోనూ చివర్లోనూ కాస్త నిశ్శబ్దం చేరుతుంది, మనం లెక్కవేసి కట్టిన అతుకు చెడిపోతుంది.

జనరేట్ మెనూలో చిర్ప్ అనేది మరొకటి ఉంది. ఒక అంకె నుంచి మరో అంకెకు స్వరం జారుతూ వెళ్తుంది. మైకు సెట్టు అద్దెకిచ్చేవారికి ఇది బాగా పనికొస్తుంది. బాక్సుకు 60 నుంచి 8000 వరకు ముప్పై సెకన్లలో పంపితే, ఎక్కడ జర్రుమంటుందో అక్కడ వదులైన స్క్రూనో చిరిగిన కాగితమో ఉన్నట్టు. హారన్ యూనిట్‌కు మాత్రం 300 కంటే కింద పంపవద్దు, లోపలి పొర చిరుగుతుంది.

555తో సర్క్యూట్ కట్టడం

హాన్స్ కామెన్‌జిండ్ అనే ఇంజనీరు 1971లో ఈ ఐసీని రూపొందించాడు, మరుసటి ఏడాది సిగ్నెటిక్స్ సంస్థ అమ్మకానికి తెచ్చింది. ఎనిమిది కాళ్ల ఆ నల్లటి పురుగు అర్ధ శతాబ్దం దాటినా ఇంకా చవకగా దొరుకుతోంది. రేడియో రిపేరు కొట్టులో అడిగితే ఇస్తారు, లేకపోతే బరంపురం, విశాఖపట్నం వెళ్లేవారితో తెప్పించుకోవచ్చు.

లోపల జరిగేది ఇదీ. ఒక కండెన్సర్‌లోకి రెసిస్టర్ల గుండా కరెంటు నిండుతుంది. సరఫరా వోల్టేజీలో మూడింట రెండు వంతులు చేరగానే ఐసీ దాన్ని ఖాళీ చేయడం మొదలుపెడుతుంది. మూడింట ఒక వంతుకు దిగగానే మళ్లీ నింపుతుంది. కుండ నిండడం, ఒలకడం, మళ్లీ నిండడం. ఆ లయే స్వరం. హద్దులు సరఫరాలో వంతులుగా ఉన్నాయి కనుక బ్యాటరీ కాస్త నీరసించినా స్వరం పెద్దగా మారదు. ఈ ఒక్క గుణం వల్లే దీన్ని శ్రుతికి నమ్మవచ్చు.

సూత్రం చిన్నది. మొదటి రెసిస్టర్ విలువకు రెండో దాని విలువ రెట్టింపు కలపండి, దాన్ని కండెన్సర్ విలువతో గుణించండి, 1.44ను ఆ ఫలితంతో భాగించండి. విలువలు ఓముల్లో, ఫారడ్లలో ఉంటే వచ్చేది హెర్ట్జ్. ఒకటి శ్రుతి కావాలంటే 0.1 మైక్రోఫారడ్ కండెన్సర్‌కు మొదటిది 1 కిలో ఓము, రెండోది 27 కిలో ఓములు కావాలి. రెండోదాన్ని 22 కిలో ఓముల రెసిస్టరూ 10 కిలో ఓముల ప్రీసెట్టూ (స్క్రూ తిప్పితే విలువ మారే చిన్న రెసిస్టర్) వరుసగా కలిపి కడితే, ప్రీసెట్ తిప్పుతూ సుమారు 221 నుంచి 320 హెర్ట్జ్ వరకు ఎక్కడైనా నిలపవచ్చు. ఒకటి, ఒకటిన్నర, రెండు, రెండున్నర శ్రుతులన్నీ అందులోనే ఉన్నాయి.

సామాను: 555 ఐసీ, బ్రెడ్‌బోర్డ్ (కాళ్లు గుచ్చితే చాలు, అతకనక్కర్లేని పలక), నాలుగు పెన్సిల్ సెల్లులు పట్టే పెట్టె (ఆరు వోల్టులు), 1 కిలో రెసిస్టర్లు రెండు, 22 కిలో ఒకటి, 100 ఓములది ఒకటి, 10 కిలో ప్రీసెట్, 0.1 మైక్రోఫారడ్ కండెన్సర్, 0.01 ఒకటి, ఎలక్ట్రోలిటిక్ (ప్లస్, మైనస్ కాళ్లుండే) కండెన్సర్లలో 10, 47, 100 మైక్రోఫారడ్ ఒక్కోటి, ఒక ఎల్‌ఈడీ, పాడైన రేడియో నుంచి తీసిన 8 ఓముల స్పీకరు.

రెండు చోట్ల పైసలు చూసుకోవద్దు. 0.1 కండెన్సర్ బిళ్లలా ఉండే సిరామిక్‌ది వద్దు. పాలియెస్టర్‌ది, 104 అంకె తర్వాత 'జె' అక్షరం ఉన్నది అడగండి. సిరామిక్ బిళ్ల వేడికి విలువ మార్చుకుంటుంది. వైశాఖంలో రేకుల షెడ్డు కింద నా మొదటి సర్క్యూట్ మధ్యాహ్నానికి ఒక శ్రుతి, రాత్రికి మరో శ్రుతి పలికింది. వేలితో ఆ బిళ్లను పట్టుకుంటే చాలు, స్వరం జారడం వినిపించేది. రెండోది ప్రీసెట్. ఒక్క చుట్టుది అయితే వెంట్రుకవాసి కదిలినా స్వరం ఎగిరిపోతుంది. ఇరవై అయిదు చుట్లది తీసుకుంటే ఒక్కో చుట్టుకు నాలుగు హెర్ట్జ్ మాత్రమే మారుతుంది, చేతికి నిదానం వస్తుంది.

ఇక కట్టడం. ఐసీ మీద ఉన్న గాటు మీ ఎడమ చేతి వైపు ఉండేలా, బోర్డు మధ్య గాడికి అటూ ఇటూ కాళ్లు పడేలా గుచ్చండి. కింది వరుసలో ఎడమ నుంచి 1, 2, 3, 4. పై వరుసలో ఎడమ నుంచి 8, 7, 6, 5.

1. ఎనిమిదో కాలు ప్లస్‌కు, ఒకటో కాలు మైనస్‌కు. నాలుగో కాలును ఎనిమిదో దానికి తీగతో కలపండి. దీన్ని మరిచిపోతే సర్క్యూట్ పలికినప్పుడు పలికి, లేనప్పుడు మొండికేస్తుంది.
2. రెండు, ఆరు కాళ్లను ఒకదానితో ఒకటి కలపండి.
3. ఎనిమిదికీ ఏడుకీ మధ్య 1 కిలో రెసిస్టర్.
4. ఏడుకీ ఆరుకీ మధ్య 22 కిలో రెసిస్టరూ, దాని వెంట ప్రీసెట్టూ. ప్రీసెట్‌కు మూడు కాళ్లుంటాయి. మధ్యదీ, చివరి రెండింటిలో ఏదో ఒకటీ వాడండి.
5. అయిదో కాలి నుంచి మైనస్‌కు 0.01 కండెన్సర్. ప్లస్, మైనస్‌ల మధ్య 100 మైక్రోఫారడ్.
6. ఆరో కాలి నుంచి మైనస్‌కు, ప్రస్తుతానికి 10 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్, ప్లస్ కాలు ఐసీ ఆరో కాలి వైపు.
7. మూడో కాలి నుంచి మిగిలిన 1 కిలో రెసిస్టర్, దాని వెంట ఎల్‌ఈడీ, అక్కడి నుంచి మైనస్.

సెల్లులు పెట్టండి. ఎల్‌ఈడీ సెకనుకు రెండు మూడు సార్లు మిణుకుమిణుకుమంటుంది. ఇప్పుడు సెల్లులు తీసి, ఎల్‌ఈడీ చోట మూడో కాలి నుంచి 100 ఓముల రెసిస్టరూ, దాని వెంట 47 మైక్రోఫారడ్ (ప్లస్ కాలు ఐసీ వైపు), ఆపైన స్పీకరూ, దాని రెండో కొస మైనస్‌కూ కలపండి. మళ్లీ సెల్లులు పెడితే టక్, టక్, టక్ అని అదే లయ వినిపిస్తుంది. దీపం మిణుకులే చప్పుళ్లయ్యాయి. ఇక ఆ 10 మైక్రోఫారడ్‌ను తీసేసి 0.1 పెట్టండి. విలువ వందో వంతు, కనుక వేగం వంద రెట్లు. టక్కులు విడివిడిగా వినిపించవు, అన్నీ కలిసిపోయి షడ్జమై నిలుస్తాయి. సెకనుకు 2.6 చప్పుళ్లు 261 అయ్యాయి, అంతే. మా దగ్గర నేర్చుకునే పిల్లలకు ఇది చూపించినప్పుడు ఒక అమ్మాయి "మాస్టారూ, స్వరం అంటే చాలా వేగంగా వేసే తాళమా?" అని అడిగింది. అవునమ్మా, అదే.

పలకకపోతే ముందు ఐసీ మీద వేలు పెట్టి చూడండి. కాలుతుంటే ప్లస్, మైనస్ తారుమారయ్యాయి, వెంటనే సెల్లులు తీసేయండి. చల్లగానే ఉండి మౌనంగా ఉంటే రెండు, ఆరు కాళ్ల మధ్య తీగను చూడండి. ఎక్కువసార్లు తప్పు అక్కడే దొరుకుతుంది.

ఈ సర్క్యూట్ ఇచ్చేది దాదాపు స్క్వేర్ అల, కాస్త ముక్కుతో పలికినట్టుంటుంది. నునుపు కావాలంటే స్పీకరు తీసేసి, మూడో కాలి నుంచి 1 కిలో రెసిస్టరూ, దాని చివర నుంచి మైనస్‌కు 1 మైక్రోఫారడూ కట్టండి. అదే చోటు నుంచి 10 కిలో రెసిస్టరూ, దాని చివర మైనస్‌కు మరో 0.1 మైక్రోఫారడూ. పై రెట్లు ఈ రెండు జల్లెళ్లలో చాలావరకు ఆగిపోతాయి. అక్కడి నుంచి 10 మైక్రోఫారడ్ గుండా ఆంప్లిఫయర్‌కు ఇవ్వండి. ఇలా వచ్చిన ధ్వని నేరుగా స్పీకరును కదిలించేంత బలంగా ఉండదు.

సరిచూసుకోవడం

రెసిస్టర్ల మీద బంగారు పట్టీ ఉంటే అయిదు శాతం అటూ ఇటూ ఉండవచ్చని అర్థం. కండెన్సరూ అంతే. కాబట్టి లెక్క ప్రకారం కట్టినా 261.63 దానంతట అదే రాదు, రప్పించాలి.

ఆడాసిటీలో 261.63 స్వరాన్ని చిన్న స్పీకరులో వినిపిస్తూ, పక్కనే 555ను పలికించండి. రెండూ ఒకే ఎత్తున వినిపించేలా దూరం సర్దుకోండి. తేడా ఉంటే ధ్వని ఊగుతుంది. పెరుగుతుంది, తగ్గుతుంది, మళ్లీ పెరుగుతుంది. సెకనుకు ఎన్ని ఊపులో అన్ని హెర్ట్జ్ తేడా. ప్రీసెట్‌ను చిన్న స్క్రూడ్రైవరుతో నెమ్మదిగా తిప్పండి. ఊపులు వేగం పుంజుకుంటే మీరు తప్పు దిక్కుకు వెళ్తున్నారు, వెనక్కి తిప్పండి. వణుకు ఊపవుతుంది, ఊపు నిట్టూర్పవుతుంది. పది సెకన్లలో ఒక్క ఊపు వస్తే తేడా 0.1 హెర్ట్జ్. అక్కడ ఆపండి. రాత్రి తొమ్మిది దాటాక, వీధి సద్దుమణిగాక ఈ పని పెట్టుకుంటే చెవి చక్కగా సహకరిస్తుంది.

మరో సాక్ష్యం కావాలంటే 555 ధ్వనిని ఆడాసిటీలోనే రికార్డు చేసి, ప్లాట్ స్పెక్ట్రమ్‌లో సైజు 65536 పెట్టి మొదటి శిఖరం మీద కర్సర్ ఉంచండి. అంకె అక్కడే కనిపిస్తుంది. లేదా అలలను పెద్దవి చేసి, పది పూర్తి అలలను ఎంపిక చేసి నిడివి చూడండి. సెకనులో వెయ్యో వంతుల లెక్కన 38.2 రావాలి. రికార్డింగులో 50, 100 హెర్ట్జ్ దగ్గర కూడా చిన్న శిఖరాలు కనిపిస్తే కంగారు పడకండి, అది ఇంటి కరెంటు గుయ్యిమనడం.

రీడ్ల దగ్గరికి

హార్మోనియం రీడును సరిచేసేటప్పుడూ ఇదే ఊపుల పద్ధతి. రీడు కింద పలుచని బ్లేడు ముక్క దూర్చి ఆసరా ఇచ్చి, సన్నని ఆకురాయితో తేలికగా ఒకటి రెండు గీతలు గీయండి. కొస దగ్గర గీస్తే స్వరం పైకి వెళ్తుంది, రివెట్ దగ్గర గీస్తే కిందికి దిగుతుంది. పోయిన ఇత్తడి తిరిగి రాదు, కాబట్టి రెండు గీతలు గీశాక తప్పనిసరిగా విని చూడాలి. ఒక్కో మెట్టును దాని సొంత అంకెకు కలపండి, తంబురా ధ్వనిలో వినిపించే గాంధారానికి కలపవద్దు. షడ్జం 261.63 అయితే సహజమైన అంతర గాంధారం 327.03 దగ్గర ఉంటుంది, మెట్టు గాంధారం 329.63. హార్మోనియం అన్ని శ్రుతులకూ పనికిరావాలి కనుక ఆ రాజీ తప్పదు. పంచమంలో తేడా అర హెర్ట్జ్ కూడా లేదు.

చెవుల విషయం ఇందాక వాయిదా వేశాను. సైన్ స్వరం ఎంత గట్టిగా ఉందో చెవి త్వరగా గుర్తించదు, ముఖ్యంగా 3000, 4000 హెర్ట్జ్ దగ్గర చెవి చాలా సున్నితం. హెడ్‌ఫోన్‌లో ఎక్కువ ధ్వనితో అదేపనిగా వింటే లోపలి కణాలు దెబ్బతింటాయి, అవి మళ్లీ మొలవవు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర భాష కోసం ఈ కొండలన్నీ తిరిగిన గిడుగు రామమూర్తి గారికి, అడవిలో విపరీతంగా వాడిన క్వినైన్ వల్ల జీవితాంతం చెవుడు మిగిలింది. శబ్దాలను వినడమే పనిగా పెట్టుకున్న మనిషి వినికిడి పోగొట్టుకోవడం తలుచుకుంటే ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది. ఆయనకు మందు తప్పలేదు. మనకు ఆ ఇబ్బంది లేదు. పది నిమిషాలు విని, అయిదు నిమిషాలు నిశ్శబ్దంలో కూర్చోండి.

సర్క్యూట్ కుదిరాక బ్రెడ్‌బోర్డ్ మీదే వదిలేయకుండా చిల్లుల బోర్డు మీదకు మార్చి సీసంతో అతకండి. అతికిన వేడి చల్లారడానికి గంట ఆగి, అప్పుడు మళ్లీ ఊపులు చూసి ప్రీసెట్ సరిచేయండి. ప్రీసెట్ స్క్రూ మీద గోళ్ల రంగు ఒక చుక్క వేస్తే ప్రయాణంలో కదలదు. మా మందిరంలోది ఒకటిన్నరకు నిలిపి, సబ్బు పెట్టెలో అమర్చాము. మూత మీద మందపు పెన్నుతో పైన 277.18 అని పెద్దగా రాసి, దాని కింద ఒకటిన్నర, సి షార్ప్, కాలీ ఏక్ అని మూడు పేర్లూ రాశాము.